నీళ్ళు ఎగిరిపోతాయి, సున్నం మిగిలిపోతుంది

కారు కడగడం పూర్తయింది. బానెట్ మీద ఆకాశం కనిపిస్తోంది. పైపు చుట్టిపెట్టి, బకెట్ బోర్లించి, పావుగంట తర్వాత వచ్చి చూస్తే ఒంటినిండా తెల్లటి చుక్కలు. కడగకముందు దుమ్ము కారు, కడిగాక మరకల కారు. నలుపో ముదురు నీలమో రంగు ఉన్న కారైతే ఆ చుక్కలు పది అడుగుల దూరం నుంచే కనిపిస్తాయి.

నేను చాలాకాలం ఇది షాంపూ తప్పే అనుకున్నాను. షాంపూ మార్చాను. బట్ట మార్చాను. నురగ సరిగ్గా పోవడం లేదేమోనని ఇంకో రెండు బకెట్ల నీళ్ళు ఎక్కువ కొట్టాను. మరకలు అలాగే ఉన్నాయి. చివరికి ఒకరోజు ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో ముంచి ఒకే ఒక చుక్క మీద అద్ది చూశాను. అర నిమిషంలో ఆ చుక్క మాయమైంది, పక్కనున్నది అలాగే ఉంది. షాంపూ మరక అయితే మామూలు నీళ్ళకే కరగాలి. నీళ్ళకు కరగకుండా వెనిగర్‌కు కరిగిందంటే అది సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్. గీజర్ లోపలా, నీళ్ళు కాచే గిన్నె అడుగునా పట్టే గార ఇదే.

రాయి నీళ్ళలోకి ఎలా వచ్చింది? వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. వేళ్ళూ సూక్ష్మజీవులూ వదిలే ఊపిరి వల్ల మట్టి పొరల్లో ఈ వాయువు బయటి గాలిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. దాంతో నీరు కొద్దిగా ఆమ్లగుణం తెచ్చుకుని, దారిలో తగిలిన సున్నపురాతిని కరిగించి బైకార్బొనేట్‌గా మార్చుకుంటుంది. మనం హార్డ్ వాటర్, ఉప్పు నీళ్ళు అనేవి ఇవే. కంటికి తేటగానే ఉంటాయి, రాయి మాత్రం అందులోనే ఉంటుంది. ఈ చర్య వెనక్కి కూడా నడుస్తుంది. నీటి బొట్టు గాలికి ఆరేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, కరిగిన రాయి మళ్ళీ రాయిగా తేలుతుంది. సున్నపురాతి గుహల పైకప్పు నుంచి ఊడల్లా వేలాడే రాళ్ళు తయారయ్యేది కూడా ఇలాగే. అక్కడ వేల ఏళ్ళు పట్టే పని, కారు మీద పలచటి పొరగా ఐదు నిమిషాల్లో జరిగిపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. నీటి కాఠిన్యాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని కొలుస్తారు. 60 లోపు ఉంటే మెత్తటి నీరు, 180 దాటితే బాగా కఠినమైన నీరు. మీ నీటిలో 400 ఉందనుకోండి. కారు కడగడానికి 100 లీటర్లు వాడితే అందులో 40 గ్రాముల రాయి ఉన్నట్టు. వినడానికి భయంగా ఉంటుంది కానీ, అందులో దాదాపు అంతా నీళ్ళతోపాటే కిందికి జారిపోతుంది. కడగడం అయ్యాక కారు ఒంటి మీద పావు లీటరు నీళ్ళు మిగిలాయనుకుందాం. అందులో ఉన్నది 100 మిల్లీగ్రాములు, గ్రాములో పదో వంతు. మనల్ని ఏడిపిస్తున్నది ఆ చిటికెడే. 100 లీటర్లనూ మార్చాల్సిన పని లేదు. చివరగా మిగిలే ఆ పావు లీటరు సంగతి చూసుకుంటే చాలు. నాకు ఈ లెక్క తట్టిన రోజున కారు కడిగే పద్ధతే మారిపోయింది.

గ్రాములో పదో వంతు అంత గట్టిగా ఎలా కనబడుతుంది? దీనికి జవాబు చుక్క ఆకారంలోనే ఉంది. ఫోన్ కెమెరాతో బాగా దగ్గరగా ఒక మరకను ఫొటో తీసి చూడండి. మధ్యలో పలచగా, అంచున చిక్కగా ఉంటుంది. చుక్క అనుకున్నది నిజానికి ఉంగరం. భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ డీగన్, షికాగో విశ్వవిద్యాలయంలోని ఆయన సహచరులు 1997లో నేచర్ అనే సైన్స్ పత్రికలో దీని గుట్టు విప్పారు. ఒలికిన కాఫీ బొట్టు ఆరాక అంచు మాత్రమే నల్లగా ఎందుకు మిగులుతుందన్నది వాళ్ళు తీసుకున్న ప్రశ్న. బొట్టు అంచు నేలను పట్టుకుని కదలదు. అక్కడ నీరు పలచగా ఉండి త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచు వైపు పారుతూ, తనలో ఉన్నదంతా మోసుకెళ్ళి అక్కడ దింపుతుంది. కారు మీద బొట్టు అంచు తెల్లగా తేలేది కూడా ఈ ప్రవాహం వల్లే. ఉన్న కొంచెం సున్నమూ ఒకే గీతలో పేరుకుంటుంది కాబట్టి అంత దూరం నుంచీ కంటికి ఆనుతుంది.

ఎండ ఈ పనిని మూడు వైపుల నుంచి తొందరపెడుతుంది. నీరు వేగంగా ఆరుతుంది. వేడికి కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో నిలవలేక బయటపడుతుంది. పైగా పంచదారకూ ఉప్పుకూ భిన్నంగా కాల్షియం కార్బొనేట్ వేడి నీళ్ళలో తక్కువ కరుగుతుంది. ముదురు రంగు బానెట్ ఎండలో 60 డిగ్రీలు దాటిపోతుంది. అక్కడ పడిన బొట్టుకు మనం బట్ట తెచ్చేంత గడువు కూడా ఉండదు. నీటి బొట్లు భూతద్దాల్లా పనిచేసి పెయింట్‌ను కాల్చేస్తాయని కొందరు అంటారు, అది నిజం కాదు. నున్నటి ఉపరితలం మీద ఆనుకుని ఉన్న బొట్టు వెలుగును కేంద్రీకరించే చోటు ఆ ఉపరితలానికి కిందకు పోతుంది. 2010లో హంగరీ శాస్త్రవేత్తలు ఆకుల మీద ప్రయోగాలు చేసి, నున్నటి ఆకులను నీటి బొట్లు కాల్చలేవని చూపించారు. ఎండలో కడగకూడదు అన్న మాట మాత్రం ముమ్మాటికీ నిజం. దానికి కారణం సున్నం.

మరక పడ్డ రోజే గుర్తిస్తే పని తేలిక. వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, నీడలో, చల్లటి బాడీ మీద తడి బట్టతో ఒకటి రెండు నిమిషాలు ఆనించి, వెంటనే కడిగేయాలి. ఆరనివ్వకూడదు. కింద పాలరాయో సున్నపురాయో పరిచిన నేల ఉంటే జాగ్రత్త, వెనిగర్ దాన్ని కూడా తినేస్తుంది. వారాల తరబడి ఎండకు కాగిన మరకలు ఇంత సులువుగా లొంగవు. నీళ్ళలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, ఉంటే అది ఆరాక గాజుకు దగ్గరి చుట్టమైపోతుంది. వెనిగర్ దాన్ని ఏమీ చెయ్యలేదు. అద్దాల మీదైతే సీరియం ఆక్సైడ్ పాలిష్‌తో తీయొచ్చు. పెయింట్ మీదైతే పాలిష్ చేయడమంటే క్లియర్ కోట్‌ను కొంచెం కొంచెంగా అరగదీయడమే. ఆ పారదర్శక పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కంటే సన్నం. అరగదీస్తూ పోతే ఎన్నిసార్లు సరిపోతుంది? అందుకే నేను మరక తీయడం గురించి కాకుండా, మరక పడనివ్వకపోవడం గురించే ఎక్కువ పట్టించుకుంటాను. పొడి మరకను గోరుతోనో పొడి బట్టతోనో గీకడం మాత్రం అన్నిటికంటే చెడ్డ పని. పక్కనున్న ఇసుక రేణువు పెయింట్ మీద గీత గీస్తుంది.

ఇక నీళ్ళ విషయం. ఇంటికి సాఫ్ట్‌నర్ ఉంటే మరకలు రావనుకుంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియం పెడుతుంది. నీళ్ళలో కరిగిన పదార్థం మొత్తం తగ్గదు, టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే అంకె ఇంచుమించు అంతే ఉంటుంది. కాబట్టి మరక పడుతుంది. కాకపోతే సోడియం లవణాలు నీళ్ళకే కరుగుతాయి, తడి బట్టతో తుడిస్తే పోతాయి. ఆర్‌ఓ నీళ్ళలో కరిగినవన్నీ చాలావరకు పోతాయి. కానీ ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్ళను పారబోయడం ఇష్టంలేక కారు కడగడానికి దాచుకునేవాళ్ళు ఉన్నారు. ఆ ఉద్దేశం మంచిదే. అయితే లోపలికి వెళ్ళిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే చేరతాయి కాబట్టి అవి మామూలు కుళాయి నీళ్ళకంటే కఠినంగా ఉంటాయి. వాటిని టైర్లకు, మడ్‌గార్డ్ లోపలి బురదకు వాడండి. పెయింట్ జోలికి తీసుకురావద్దు.

చివరి విడతకు ఐదారు లీటర్ల శుభ్రమైన నీళ్ళు చాలు. డిస్టిల్డ్ వాటర్ కావచ్చు, ఆర్‌ఓ నీళ్ళు కావచ్చు, మొదటి జల్లుతో కప్పు మీది దుమ్ము పోయాక పట్టుకున్న వాన నీళ్ళు కావచ్చు. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు కూడా పనికొస్తాయి. అది గాలిలోని ఆవిరి చల్లబడి నీరైనది, అందులో సున్నం ఉండదు. దుమ్ము ఉండొచ్చు కనుక పలచటి బట్టలో వడగట్టుకోవాలి.

పద్ధతి కష్టమైనదేం కాదు. పొద్దున్నేనో సాయంత్రమో, నీడలో, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలినప్పుడు మొదలుపెట్టాలి. బట్టలుతికే సబ్బు వద్దు. సబ్బు కాల్షియంతో కలిసి నీళ్ళకు కరగని జిడ్డు తెట్టుగా మారుతుంది, కారు షాంపూలోని డిటర్జెంట్ అలా మారదు. పైనుంచి కిందికి, ఒక్కో భాగం కడుగుతూ, కడిగిన భాగాన్ని ఆరనివ్వకుండా తడుపుతూ పోవాలి. వ్యాక్స్, కోటింగ్ చేయించాం కదా అని ధీమా పడొద్దు. వాటి మీద నీళ్ళు గుండ్రటి ముత్యాల్లా నిలబడతాయి. డోర్ల మీద అవి జారిపోతాయి కానీ, చదునుగా ఉండే టాప్ మీద అలాగే కూర్చుని ఆరతాయి. అప్పుడు మరకలు చిన్నవైనా చిక్కగా పడతాయి.

నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చిన కిటుకు ఒకటుంది. చివర్లో పైపుకున్న నాజిల్ తీసేయండి. నీళ్ళను చిమ్మకుండా, పైపు మూతిని టాప్‌కు దగ్గరగా పట్టి, ధార మెల్లగా పరుచుకునేలా వదలండి. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి, దుప్పటి లాగినట్టు పొర మొత్తం ఒక్కటిగా జారుతూ దారిలోని బొట్లను తనలో కలుపుకుని పోతుంది. ధార వెనక బాడీ దాదాపు పొడిగా బయటపడుతుంది. చూస్తుంటే ముచ్చటేస్తుంది. నాజిల్‌తో చిమ్మితే వేల బొట్లు మిగిలేవి, ఇలా చేస్తే పదులలోకి వస్తాయి. ఆ తర్వాత దాచుకున్న శుభ్రమైన నీళ్ళను మగ్గుతో టాప్ మీంచి ఇలాగే పొయ్యండి.

తుడవడానికి మందపాటి మైక్రోఫైబర్ తువ్వాళ్ళు రెండు ఉండాలి. పూర్తిగా ఎండినది కాకుండా కొంచెం తడిపి పిండినదైతే నీళ్ళను త్వరగా పీలుస్తుంది. రుద్దకుండా, పరిచి అద్ది ఎత్తాలి. మొదట అద్దాలు, టాప్, బానెట్, ఆ తర్వాత డోర్లు. మొదటి తువ్వాలు బరువెక్కాక రెండోది తీసుకోవాలి.

అంతా అయ్యాక కూడా ఐదు పది నిమిషాలు కారును వదలకండి. సైడ్ మిర్రర్ లోపల, డోర్ హ్యాండిల్ సందులో, పెట్రోల్ మూత వెనక, డిక్కీ అక్షరాల కింద నీళ్ళు దాక్కుని ఉంటాయి. డోర్లన్నీ ఒకసారి తెరిచి గట్టిగా వెయ్యండి, లేదా నెమ్మదిగా వీధి చివరిదాకా వెళ్ళి రండి. మిర్రర్ అంచు నుంచి ఒక బొట్టు బయటికి తొంగిచూసి, కాసేపు వేలాడి, డోర్ మీద సన్నటి గీతగా జారుతుంది. ఆ గీత ఆరకముందే తుడవాలి. చేతిలో చిన్న గుడ్డ అందుకే.