యాడ్ బ్లాకర్‌లో ఆ గడి ఇంకా ఉండాలా?

విజయనగరం గంటస్తంభం దగ్గర మేము నడిపే నెట్ సెంటర్‌లో ప్రతి కంప్యూటర్‌లోనూ ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ ఉంటుంది. ఉద్యోగ దరఖాస్తులకు వచ్చే పిల్లలు అసలు డౌన్‌లోడ్ బటన్ అనుకుని ప్రకటనలోని దొంగ బటన్ నొక్కేవారు, అందుకే పెట్టాం. దాని సెట్టింగులలో, బ్రౌజర్‌లో వీడియో కాల్‌కు వీలిచ్చే వెబ్‌ఆర్‌టీసీ ద్వారా లోపలి ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే అంకెలు) బయటికి పొక్కకుండా ఆపే, టిక్కు పెట్టే గడి ఒకటుంది. బ్రౌజర్లే ఆ పని చేస్తున్నందున దానిని తీసేయవచ్చా అన్నది ఇప్పటి ప్రశ్న.

గూగుల్ 2011లో అందరికీ తెరిచి ఇచ్చిన వెబ్‌ఆర్‌టీసీ వల్ల వేరే సాఫ్ట్‌వేర్ లేకుండా బ్రౌజర్‌లోనే వీడియో కాల్ మాట్లాడుకునే వీలు కలిగింది. రెండు కంప్యూటర్లు నేరుగా కలవాలంటే తమ చిరునామాలను ఒకదానికొకటి చెప్పుకోవాలి. రౌటర్ ఇచ్చే, సాధారణంగా 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా కూడా అందులో ఉంటుంది. కాల్‌తో పనే లేని వెబ్‌పేజీ సైతం చిన్న స్క్రిప్టుతో, మనకు తెలియకుండా, దానిని రాబట్టగలదనీ, చిరునామాను దాచే వీపీఎన్ సేవ చాటున ఉన్నవారి అసలు చిరునామా కూడా బయటపడవచ్చనీ 2015 ఆరంభంలో బాగా వెల్లడైంది. యూబ్లాక్ ఆరిజిన్ వంటి యాడ్ బ్లాకర్లలో ఈ గడి చేరడానికి కారణం అదే. ప్రకటనలతో సంబంధం లేకపోయినా, బ్రౌజర్లు పట్టించుకోని రోజుల్లో అది ఉండడం న్యాయమే.

తర్వాత క్రోమ్ 2019 నుంచి, ఫైర్‌ఫాక్స్ 2020 మార్చిలో వచ్చిన 74వ వెర్షన్ నుంచి, లోపలి చిరునామాకు బదులు ‘.లోకల్’తో ముగిసే, ఏ అర్థమూ లేని పేరును ఇవ్వసాగాయి. మా సెంటర్‌లో టిక్కు తీసి చూస్తే, పరీక్ష పేజీలో అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడవాటి పేరే కనిపించింది. అయితే అదే పేజీకి కెమెరా, మైకు అనుమతి ఇవ్వగానే 192.168 తెర మీదికి వచ్చేసింది. అనుమతి పొందిన పేజీని నమ్మదగినదిగా భావించి బ్రౌజర్ ఆ ముసుగు తీసేస్తుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు కూర్చునే ప్రతి అభ్యర్థీ ఆ అనుమతి ఇవ్వక తప్పదు.

ఆ అంకెలు మన ఊరిని చెప్పవు. ఎన్నో ఇళ్లలో అవే అంకెలు ఉంటాయి. మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లలో అదొకటి మాత్రమే. ఇంతకంటే పెద్ద చిక్కు, టిక్కు పెడితే తమ ఇంటర్నెట్ చిరునామా మొత్తం దాగిపోతుందని మా దగ్గరికొచ్చే చాలామంది నమ్మడం. నిజానికి అది దాచేది లోపలి చిరునామానే. అందుచేత సెట్టింగుల మొదటి పేజీ నుంచి ఆ గడిని తీసి, తెలిసినవారు వెతుక్కునే లోపలి సెట్టింగులలో ఉంచితే చాలునని నా అభిప్రాయం. అంతవరకు ఇంటర్వ్యూలకు ఇచ్చే రెండు కంప్యూటర్లలో టిక్కు పెట్టే ఉంచుతున్నాను.