స్నాప్‌షాట్ ఉంది కదా సార్! వర్చువల్ మెషిన్లలో పెద్ద డేటా: అపోహలు - వాస్తవాలు

నల్గొండలో స్కూల్ ఆఫీసుకు పోయినా, మిర్యాలగూడలో రైస్ మిల్లుకు పోయినా, "బ్యాకప్ ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "స్నాప్‌షాట్ ఉంది కదా సార్." పోయిన వారం మళ్లీ విన్నాను. ఇక రాయక తప్పదనిపించింది. వర్చువల్ మెషిన్ (వీఎం) అంటే ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్, దాని డిస్క్ సర్వర్ మీద ఒక పెద్ద ఫైలే. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణాన వీఎం ఎలా ఉందో గుర్తుపెట్టుకోవడం, ఏదైనా తేడా వస్తే అక్కడికే తిరిగి పోవడానికి.

అపోహ: స్నాప్‌షాట్ తీస్తే బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: కానే కాదు. వీఎంలను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌లో స్నాప్‌షాట్ తీయగానే అసలు డిస్క్ ఫైల్‌లో రాయడం ఆగిపోతుంది. అప్పటి నుంచి రాసేదంతా పక్కన ఒక డెల్టా ఫైల్‌లోకి పోతుంది. రెండూ కలిస్తేనే మీ డేటా. అసలు ఫైల్ పాడైతే డెల్టా ఒక్కటే ఉండి లాభం లేదు. పైగా మామూలుగా రెండూ ఒకే డేటాస్టోర్‌లో (వీఎం ఫైళ్లు ఉండే స్టోరేజీ), అవే హార్డ్ డిస్కుల మీద ఉంటాయి. ఉంచిన కొద్దీ డెల్టా పెరుగుతుంది, అసలు డిస్క్ అంత కూడా కావచ్చు. ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేరే చెబుతోంది.

మహబూబ్‌నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్. సీటీ, ఎమ్మారై ఇమేజీలన్నీ ఒకే వీఎంలో, 4 టీబీ డిస్క్‌లో. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌కు ముందు ఎవరో స్నాప్‌షాట్ తీశారు, తర్వాత తీసేయడం మరిచారు. ఏడు నెలలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున డేటాస్టోర్ నిండిపోయి వీఎం ఆగిపోయింది. పల్లెల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పేషెంట్లు బయట బెంచీల మీద కూర్చున్నారు. సిస్టమ్స్ చూసే పిల్లగాడు టెన్షన్‌లో వీఎంను ఆఫ్ చేసి, జాగా కోసమని డెల్టా ఫైల్‌ను డిలీట్ చేయబోతూ నాకు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, దాన్ని ముట్టుకోకు. ఏడు నెలల స్కాన్లు అందులోనే ఉన్నాయి" అన్నాను. కాసేపు అటు నుంచి మాట లేదు.

ఇంకో చిన్న వీఎంను వేరే చోటికి జరిపి జాగా చేశాం. తర్వాత స్నాప్‌షాట్ మేనేజర్ నుంచే డిలీట్ కొట్టాం. అలా కొడితే డెల్టాలోని డేటా అసలు డిస్క్‌లో కలుస్తుంది. మంగళవారం మధ్యాహ్నం దాకా పట్టింది. అలాంటప్పుడు పర్సెంటేజీ కదలడం లేదని భయపడి సర్వర్ ఆపేయకండి. ఆ భయం నాకు తెలుసు, అయినా ఆగండి.

మరి పెద్ద డేటా ఎక్కడ పెట్టాలి? ఓఎస్‌కు (విండోస్ లాంటిది) చిన్న డిస్క్, డేటాకు విడిగా ఇంకో డిస్క్. స్కాన్లు, సీసీ కెమెరా ఫుటేజీ లాంటివి ఒకసారి రాసి ఎప్పుడో ఒకసారి చూసేవి. వాటిని వీఎం లోపల మోయడం ఎందుకు? నాస్‌లో (నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజీ పెట్టె) పెట్టి నెట్‌వర్క్ మీద ఇవ్వండి. వీఎం చిన్నగా ఉంటే పాడైనా తొందరగా లేస్తుంది. డేటా డిస్క్‌ను ఇండిపెండెంట్ మోడ్‌లో పెడితే స్నాప్‌షాట్ దాన్ని ముట్టుకోదు. అయితే వీఎం మొత్తాన్ని తీసే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా స్నాప్‌షాట్ మీదే ఆధారపడుతుంది కాబట్టి ఆ డిస్క్‌ను వదిలేస్తుంది. దానికి వేరే బ్యాకప్ పెట్టాల్సిందే.

మిగతావి తొందరగా చెప్తాను. రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కులను కలిపి వాడడం) బ్యాకప్ కాదు. డిస్క్ పోతే ఆదుకుంటుంది, ఎవరైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోనూ పోతుంది. వర్చువల్ డిస్క్ 2 టీబీ దాటదనేది పాత మాట: మైక్రోసాఫ్ట్ వర్చువల్ డిస్క్ ఫైల్ వీహెచ్‌డీఎక్స్ 64 టీబీ దాకా, 2013లో వచ్చిన వీఎంవేర్ వీస్పియర్ 5.5 నుంచి వీఎంవేర్ డిస్క్ ఫైల్ వీఎండీకే 62 టీబీ దాకా పోతాయి. థిన్ డిస్క్ (రాసిన కొద్దీ మాత్రమే జాగా తీసుకునేది) అంటే జాగా ఊరికే వచ్చినట్టు కాదు, 4 టీబీ డేటాస్టోర్ మీద 3 టీబీ థిన్ డిస్కులు రెండు పెడితే ఏదో ఒక రోజు రెండూ ఆగుతాయి.

ఇక బ్యాకప్ వేరే పెట్టెలో, వీలైతే వేరే బిల్డింగ్‌లో ఉండాలి. నెలకోసారి అందులోంచి ఒక పాత ఫైల్ తీసి తెరిచి చూడాలి. ఆ స్కానింగ్ సెంటర్‌లో ఇప్పుడు ప్రతి నెల మొదటి శనివారం ఆ తమ్ముడే ఒక పాత స్కాన్ తీసి, తెరుచుకోగానే నాకు మెసేజ్ పెడతాడు.