బీరువా వెనక గోడ

పాపకు, చిన్నోడికి అవ్వ దీవెనలు.

దీపావళికి కడపకొచ్చినప్పుడు, మీరిద్దరూ బజారుకు పోయాక, బీరువా వెనక చేయి దూర్చి గోడ తడిమి చూశాను. అరచేతికి నల్లటి బూజు అంటింది. చిన్నోడు పొద్దున లేస్తూనే ఎందుకు తుమ్ముతున్నాడో అప్పుడర్థమైంది. పుట్టీ కొట్టించి రంగు వేయిస్తామని ఫోన్లో అన్నారు కదా, అందుకే ఈ ఉత్తరం. ఇప్పుడే వద్దు.

ఆ తొందర మేం పడ్డాం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మనింట్లో కిటికీల పైదాకా నీళ్లు నిలిచాయి. బురద ఎత్తిపోసి, గోడ పైకి ఆరినట్టు కనబడగానే సంక్రాంతికని ఆయిల్ పెయింట్ వేయించాం. గోడ తాగిన నీళ్లు మాత్రం లోపలే ఉన్నాయి. ఎండాకాలానికి రంగు బొబ్బలు బొబ్బలుగా లేచింది. గోరుతో గీకితే తెల్లటి ఉప్పు పిండిలా రాలింది. అంతా చెక్కించి, ఆ వేసవంతా గోడను అలాగే ఆరనిచ్చాం. అందుకే చెబుతున్నా, తడి ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా రంగు డబ్బా తెరవొద్దు.

నేలలోంచి పాకే నెమ్ము మామూలుగా కింద మూడడుగుల లోపే ఉంటుంది, ఉప్పు పూస్తుంది. పైపు కారినా, మిద్దె పగిలినా మరక ఒకచోట మొదలై పెద్దదవుతుంది. మీ గోడకు ఈ రెండు గుర్తులూ కనబడలేదు. మీది గాలిలోని తడి అనుకుంటున్నా. చల్లటి నీళ్లు పోసిన స్టీలు చెంబు బయట చెమరుస్తుంది కదా, ఆ నీళ్లు చెంబులోవి కావు, గాలిలోవి. 30 డిగ్రీల గాలి ఘనమీటరుకు దాదాపు 30 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే. మిగిలింది చల్లటి గోడకు పడుతుంది. వానలని గదిలోనే తాడు కట్టి బట్టలు ఆరేస్తిరి, దోమలని కిటికీలు మూస్తిరి, కుక్కర్ ఆవిరి కూడా ఆ గదిలోకే. బీరువా వెనక గాలే ఆడదు.

నా మాట మీద పోకుండా మీరే చూసుకోండి. బీరువా జరిపి, గోడ తుడిచి, అడుగు పొడవూ వెడల్పూ ఉన్న పాలిథిన్ కవరు నాలుగంచులా టేపుతో గట్టిగా అంటించండి. రెండు రోజులాగండి. గది వైపు చెమరిస్తే గాలిది, గోడ వైపు చెమరిస్తే గోడది.

గాలిదైతే మన చేతిలో పనే. బట్టలు మిద్దె మీద, వానైతే వరండాలో ఆరేయండి. కిటికీలకు దోమల మెష్ కొట్టించి, వండేటప్పుడూ స్నానాలయ్యాకా తెరవండి. బీరువాకూ గోడకూ మధ్య జానెడు సందు ఉంచండి. వేసవిలో కూలర్ కూడా తలుపులన్నీ మూసి పెట్టొద్దు. అది నీళ్లను గాలిలో కలిపే యంత్రం, ఎదురుగా తలుపు ఓరగా ఉండాల్సిందే. బూజు తుడిచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బ్లీచింగ్ నీళ్లతో తుడిస్తే అందులో బాత్రూం యాసిడ్ చుక్క కూడా కలపొద్దు, విషవాయువు వస్తుంది.

గోడదైతే ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో రాసి పంపండి, నోటిమాటగా వదిలేయొద్దు. ఓనరు చేయించాల్సిన మరమ్మతు, చెప్పినా తగిన గడువులో చేయించకపోతే మనం చేయించుకుని అద్దెలో పట్టుకోవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. అగ్రిమెంటులో వేరుగా రాసుకుంటే అదే చెల్లుతుంది, ముందు ఆ కాగితం చదవండి. ఆయనతో మర్యాదగానే మాట్లాడండి, పెద్దాయన.

ఆదివారం కవరు అంటించి, మంగళవారం ఫోటో పంపండి. చిన్నోడి మంచం మాత్రం ఈ రాత్రికే ఆ గోడ దగ్గర్నుంచి జరపండి.

మీ అవ్వ