రిపోర్టులో క్రిమి కనబడితే జబ్బు ఉన్నట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను పనిచేసేది మైక్రోబయాలజీ ల్యాబ్‌లో. రక్తం, మూత్రం, కఫం, చీము ఏది వచ్చినా ప్లేటు మీద రుద్ది, ఇంక్యుబేటర్‌లో పెట్టి, ఏం పెరిగిందో చూసి చెప్పడం మా పని. ‘గ్రోత్ ఉంది’ అని రాసిన రిపోర్టు చేతికి రాగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నేను వినే అపోహల్లో సగం ఆ ఒక్క మాట దగ్గరే పుడతాయి.

అపోహ: ఒంట్లో క్రిమి దొరికిందంటే జబ్బు ఉన్నట్టే.

క్రిమి ఉండటం వేరు, జబ్బు చేయడం వేరు. ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఒక అంచనా వేశారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లేనట. అవన్నీ రోగం తెచ్చేవే అయితే ఈపాటికి ఎవరమూ మిగిలేవాళ్లం కాదు. దాదాపు పదిమందిలో ముగ్గురి ముక్కులో స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా హాయిగా కాపురం చేస్తుంది. అక్కడ ఉన్నంతకాలం చాలామందికి దాని ఊసే తెలియదు. అదే క్రిమి ఆపరేషన్ గాయంలోకో, రక్తంలోకో దిగితే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే శాంపిల్ ఎక్కడి నుంచి తీశారో రాయకుండా పంపితే నాకు చిరాకు.

ఏ మంటా, జ్వరమూ లేని పెద్దవాళ్ల మూత్రంలో ఇ.కోలి పెరగడం తరచూ చూస్తాం. గర్భిణుల్లాంటి కొందరికి తప్ప, లక్షణాలు లేనప్పుడు దానికి సాధారణంగా మందు అక్కర్లేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. రక్తం తీసేటప్పుడు చర్మం సరిగ్గా తుడవకపోతే, చర్మం మీది క్రిమి సీసాలోకి దిగుతుంది. మేం దాన్నే శ్రద్ధగా పెంచి చూపిస్తాం!

అపోహ: క్రిములు మన కణాలను తినేస్తాయి, జబ్బంటే అదే.

కొన్ని కణాలను పాడుచేసే మాట నిజమే. కానీ కలరా సంగతి చూడండి. ఆ బ్యాక్టీరియా పేగు గోడను కొరకదు, లోపలికి చొరబడదు. గోడను అంటిపెట్టుకుని ఒక విషం వదులుతుంది, అంతే. ఆ విషం పేగు కణంలో ఒక స్విచ్ వేసి, మళ్లీ ఆగకుండా బిగించేస్తుంది. దాంతో కణాలు లవణాలను బయటికి తోడుతూనే ఉంటాయి, వాటి వెంటే నీళ్లూ పోతాయి. జబ్బు బాగా ముదిరితే గంటకు లీటరు దాకా పోవచ్చు. మనిషిని చంపేది ఆ నీటి నష్టమే. అయితే గ్లూకోజ్‌తో కలిసి ఉప్పు కణంలోకి వెళ్లే దారి మాత్రం అప్పుడు కూడా తెరిచే ఉంటుంది. ఓఆర్ఎస్ ప్రాణం నిలబెట్టేది ఆ దారినే.

ఇందులో నాకు ఎప్పటికీ పాతబడని తమాషా ఒకటుంది. ఆ విషాన్ని తయారుచేసే జన్యువు కలరా బ్యాక్టీరియా సొంతం కాదు, దానికి సోకిన ఒక వైరస్ తెచ్చిపెట్టింది. కంఠసర్పిదీ (డిఫ్తీరియా) అదే కథ. అంటే క్రిమికే ముందు ఇన్‌ఫెక్షన్ వచ్చి, ఆ తర్వాత అది మనకు ప్రమాదమైందన్నమాట.

అపోహ: తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటేనే ధనుర్వాతం వస్తుంది.

తుప్పుకు ఏ పాపమూ తెలియదు. ఆ బ్యాక్టీరియా బీజాలు మట్టిలో, దుమ్ములో, పశువుల పేడలో ఉంటాయి. గాలి అందని లోతైన గాయం దొరికితే చాలు, తళతళలాడే మేకైనా ఒకటే. జబ్బు తెచ్చే విషం ఎంత కొంచెమంటే, ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకోదు, అందుకే జబ్బు వచ్చి తగ్గినవాళ్లకు కూడా రక్షణ రాదు. వాళ్లూ టీకా వేయించుకోవాల్సిందే.

అపోహ: జ్వరం, చీము క్రిములు చేసే పనులు.

రెండూ మన ఒళ్లు చేసేవే. క్రిమిని పసిగట్టిన తెల్ల రక్తకణాలు కబురు పంపితే మెదడు ఒంటి వేడి పెంచుతుంది. చీములో ఎక్కువ భాగం ఆ పోరాటంలో చచ్చిన తెల్ల రక్తకణాలు. ఆకుపచ్చ కఫం కథా ఇదే. ఆ రంగు తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైమ్‌ది కాబట్టి వైరస్ జలుబులోనూ కనిపిస్తుంది. రంగు చూసి యాంటీబయాటిక్ కొనకండి. పెనిసిలిన్ దెబ్బతీసేది బ్యాక్టీరియా గోడను. వైరస్‌కు అసలు గోడే లేదు.

అపోహ: యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడిపోతుంది.

మొండికేసేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. అందుకే జన్మలో ఒక్క మాత్ర మింగనివాళ్లకూ మందుకు లొంగని క్రిమి సోకవచ్చు.

అపోహ: క్రిమి లోపలికి వెళితే అందరికీ ఒకేలా జబ్బు చేస్తుంది.

1892లో మ్యూనిక్‌లో డెబ్బై దాటిన శాస్త్రవేత్త పెటెన్‌కోఫర్, కలరాకు క్రిమి ఒక్కటే కారణమన్న జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ మాట తప్పని నిరూపించాలని పట్టుబట్టి, కలరా క్రిములున్న ద్రావణాన్ని గటగటా తాగేశాడు. కాస్త విరేచనాలయ్యాయి, అంతే. తానే గెలిచాననుకున్నాడు. క్రిమి విషయంలో కాక్ మాటే నిలిచింది. కానీ క్రిమి పడిన ప్రతి కడుపూ ఒకేలా స్పందించదన్నదీ నిజమే.

ఎన్ని క్రిములు వెళ్లాయన్నదీ ముఖ్యమే. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లాకు పది నుంచి వంద చాలు. అది కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుంటుంది. కలరా క్రిములు అక్కడే చాలామటుకు చస్తాయి, కాబట్టి కోట్లలో వెళ్లాలి. ఆమ్లం తగ్గించే మందులు వాడేవాళ్లలో అంతకంటే తక్కువే సరిపోతాయి.

టీబీ మరీ నిదానస్తురాలు. సోకినవాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పదిమందే. మిగతావాళ్లలో క్రిమి చాలావరకు అణగిపోతుంది, లేదా తెల్ల రక్తకణాల గూడులో బందీగా పడి ఉంటుంది. హెచ్ఐవీ లాంటివి వచ్చి కాపలా సడలితే మళ్లీ లేస్తుంది. చర్మం మీద చేసే టీబీ పరీక్ష పాజిటివ్ అంటే క్రిమి ఎప్పుడో తగిలి ఉండొచ్చని మాత్రమే. బీసీజీ టీకా వల్ల కూడా ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. జబ్బు ఇప్పుడు ఉందా లేదా అన్నది తేల్చడానికి లక్షణాలు, ఎక్స్‌రే, కఫం పరీక్ష కావాలి. ఆ కఫం మాత్రం పొద్దున్నే లోపలి నుంచి దగ్గి ఇవ్వండి. ఉమ్మి పంపితే మా దగ్గర ఏమీ తేలదు.