కాలం కాని కాలంలో కొన్న పండు చప్పగా ఎందుకుంటుంది? అపోహలు – వాస్తవాలు

దామలచెరువు చుట్టుపక్కల తోటల నుంచి మామిడికాయ తీసుకుని, గ్రేడింగ్ చేసి, రైపెనింగ్ ఛాంబర్‌లో మాగబెట్టి, తిరుపతి, చిత్తూరు దుకాణాలకు పంపే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. మే నెలలో నాతో ఎవరూ తగాదా పెట్టుకోరు. మార్చిలో బేనీషా (బంగినపల్లి) కొన్నవారు, డిసెంబరులో మామిడిపండు కొన్నవారు మాత్రం దుకాణదారుడి దగ్గర నా నంబరు అడిగి తీసుకుని మరీ ఫోన్ చేసి, ‘పైకి చూస్తే బంగారం, కోస్తే సొరకాయ’ అని నిష్ఠూరమాడతారు. వారి బాధ న్యాయమైనదే కానీ, దానికి వారు చెప్పే కారణాలు చాలావరకు సరైనవి కావు.

అపోహ: పండుకు రుచి లేదంటే కార్బైడ్ పెట్టి పండించారన్నమాట.

వాస్తవం: కార్బైడ్‌ను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కాల్షియం కార్బైడ్‌తో పండ్లను మాగబెట్టడం మన దేశంలో నిషిద్ధం. దాని నుంచి వచ్చే ఎసిటిలీన్ వాయువుతో పాటు ఆర్సెనిక్, భాస్వరాలకు చెందిన విషపు ఆనవాళ్లు కూడా ఉండే అవకాశం ఉన్నందున ఆ నిషేధం సబబైనదే. అయితే చప్పదనానికి మూలం కార్బైడ్ కాదు, లేత కాయ. పండు తనంతట తాను విడుదల చేసుకునే ఎథిలీన్ వాయువుతోనే, ఆహార భద్రతా సంస్థ అనుమతించిన 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) పరిమితి దాటకుండా, శుభ్రమైన గదిలో మాగబెట్టినా లేత కాయ చప్పగానే ఉంటుంది.

దీన్ని నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లకు నేను మాటలతో చెప్పను, నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకుపోతాను. ఒక మార్చి నెలలో ఒకే క్రేటులో నుంచి, ఒకే పరిమాణంలో ఉన్న రెండు బేనీషా కాయలు తీసి నీళ్లలో వేస్తే ఒకటి అడుగుకు పోయింది, రెండోది తేలింది. రెండింటికీ గుర్తులు పెట్టి ఒకే గదిలో, ఒకే ఎథిలీన్‌లో ఉంచాము. ఐదో రోజుకు రెండూ ఒకేలా పసుపుపచ్చగా మెరిశాయి. పక్కపక్కన పెడితే ఏది ఏదో నేను కూడా చెప్పలేకపోయాను. కోసిన తరువాత మాత్రం మునిగిన కాయ కండ టెంక దాకా ముదురు పసుపులో ఉండి తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద 18 బ్రిక్స్ చూపింది. తేలిన కాయ టెంక చుట్టూ తెల్లగా పాలిపోయి 11 దగ్గర ఆగింది. నోట్లో వేసుకుంటే తీపీ లేదు, పులుపూ లేదు, తడి తగిలిందంతే.

కారణం చెట్టు మీదే ఉంది. పిందె కట్టినప్పటి నుంచి సుమారు వంద రోజుల పాటు ఆకులు తయారుచేసిన చక్కెర కాయలోకి చేరి పిండి పదార్థంగా నిలవ ఉంటుంది. చివరి రెండు మూడు వారాలలోనే ఆ నిలవ బాగా పెరిగి, కాయ బరువెక్కి, తొడిమకు ఇరువైపులా భుజాలు పైకి లేచి, టెంక గట్టిపడుతుంది. మాగేటప్పుడు జరిగేదల్లా ఆ పిండి తిరిగి చక్కెరగా మారడం, కండ మెత్తబడడం, వాసన పుట్టడం మాత్రమే. కాయ లోపల పిండే లేకపోతే ఎంత మంచి గదైనా దేన్ని చక్కెరగా మారుస్తుంది? తోలుకు రంగు రావడం వేరే వ్యవహారం కాబట్టి, అది లేత కాయకు కూడా వచ్చేస్తుంది.

మరి లేత కాయను ఎందుకు కోస్తారంటే, మండీకి మొదట చేరిన సరుకుకు పలికే ధర పదిహేను రోజుల తరువాత పలకదు. ఒకసారి ఒక వ్యాపారి నాకు ముదురు కాయ అని చెప్పి పంపిన లోడులో సగం తొట్టిలో తేలింది. దాన్ని వెనక్కి పంపలేక నష్టానికి పచ్చడి కాయగా అమ్ముకున్నాను. రైతును అడిగితే, ‘ఇంకో పది దినాలు చెట్టు మీద పెడితే, గాలికి రాలిపోతే దుడ్లు ఎవరిస్తారన్నా?’ అంటాడు. ఏప్రిల్‌లో ఈదురుగాలి ఒక్క రాత్రిలో ఏం చేస్తుందో చూసినవాడిని కాబట్టి, ఆ మాటకు ఎదురు చెప్పడం నాకు కష్టం.

అపోహ: కోసిన తరువాత ఏ పండైనా తీపెక్కుతుంది, నాలుగు రోజులు ఇంట్లో పెడితే చాలు.

వాస్తవం: ఇది ఒక్కొక్క పండుకు ఒక్కొక్క విధంగా ఉంటుంది. అరటికాయ నిండా పిండి పదార్థమే కాబట్టి పచ్చిగా కోసినా చక్కగా తీపెక్కుతుంది. ఏడాది పొడవునా అరటి రుచిలో పెద్ద తేడా కనిపించకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ద్రాక్ష, దానిమ్మ, బత్తాయి, పుచ్చకాయ కోసిన రోజు ఎంత తీపో అంతే. ఆ తరువాత అవి వాడతాయి గానీ తీపెక్కవు. జనాన్ని ఎక్కువగా మోసపుచ్చేది బొప్పాయి. అది ఇంట్లో పెడితే పసుపురంగుకు తిరుగుతుంది, మెత్తబడుతుంది కాబట్టి మామిడిలాగే తీపి కూడా పెరుగుతుందని అనుకుంటారు. కానీ బొప్పాయిలో చెప్పుకోదగ్గ పిండి నిలవ ఉండదు, దాని తీపి అంతా చెట్టు మీద ఉన్నప్పుడు చేరినదే. రైల్వే కోడూరు వైపు తోటల్లో కాయ మీద ఒక పసుపు చార పడిన తరువాత కోసిన బొప్పాయికీ, దూరపు మార్కెట్టు కోసం పూర్తి పచ్చిగా కోసిన బొప్పాయికీ అందుకే అంత తేడా.

అపోహ: చెట్టు మీద పండిన మామిడే అన్నిటికంటే రుచి.

వాస్తవం: బాగా ముదిరిన కాయను తొడిమతో కోసి, సొన కార్చి, వరిగడ్డిలోనో గదిలోనో మాగబెట్టినదే నా అనుభవంలో మేలు. చెట్టు మీదే పూర్తిగా పండనిస్తే పండుఈగ పొడుస్తుంది, కొన్ని రకాలలో టెంక చుట్టూ కండ నీరుకారుతుంది. మన పెద్దవాళ్లు గడ్డిలో మాగేసింది ఊరికే కాదు.

అపోహ: కోల్డ్ స్టోరేజీలో పెట్టిన పండు ఉన్నది ఉన్నట్టుగా ఉంటుంది.

వాస్తవం: కుళ్లకుండా ఉండడం వేరు, రుచి నిలవడం వేరు. నాలుకకు తెలిసేది తీపి, పులుపు వంటి కొన్ని రుచులే; మామిడిని మామిడిగా, ఆపిల్‌ను ఆపిల్‌గా గుర్తుపట్టేది ముక్కు. చలి మొదట దెబ్బతీసేది ఆ వాసననే.

మే నెలలో తిరుపతి దుకాణంలో కనిపించే కాశ్మీరు ఆపిల్ అంతకుముందు ఆగస్టు, అక్టోబరుల మధ్య కోసినది. దాన్ని సున్నా డిగ్రీలకు దగ్గరగా, గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను 1 నుంచి 3 శాతానికి తగ్గించిన గదిలో ఉంచుతారు; కొన్నిచోట్ల ఎథిలీన్‌ను పండు గుర్తించకుండా అడ్డుకునే 1-ఎంసీపీ వాయువును కూడా వాడతారు. పండు ఊపిరి దాదాపు బిగబట్టినట్టు ఉండడం వల్ల కరకర, తీపి చాలావరకు మిగులుతాయి. అయితే ఆపిల్ వాసననిచ్చే ఎస్టర్లు అనే పదార్థాలు పండు మాగుతూ ఉంటేనే పుడతాయి కాబట్టి, నెలల తరబడి మాగడాన్ని ఆపిన పండును బయట పెట్టినంత మాత్రాన ఆ వాసన పూర్తిగా తిరిగిరాదు. దీంట్లో మోసమేమీ లేదు, ఆ పండును అన్ని నెలలు ఆపినందుకు చెల్లించే మూల్యమది.

మామిడి సంగతి ఇంకా సున్నితం. ముదురు పచ్చికాయను 12, 13 డిగ్రీల కన్నా తక్కువ చలిలో ఉంచితే తోలు బూడిదరంగుకు తిరుగుతుంది, గుంటలు పడతాయి, తరువాత సమంగా మాగదు. ఇంట్లో ఫ్రిజ్ లోపల ఉండేది దాదాపు 4 డిగ్రీలు. పచ్చిమామిడిని మాగడానికని ఫ్రిజ్‌లో పెట్టేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పూర్తిగా మాగిన తరువాత ఒకటి రెండు రోజులు పెట్టుకోవచ్చు, తినే ముందు అరగంట బయట పెట్టాలి. మదనపల్లె టమోటా కొనుక్కొచ్చి నేరుగా ఫ్రిజ్‌లోకి తోసేవారికీ ఇదే మాట: ఆ చలిలో టమోటాకు వాసన పుట్టడం ఆగిపోతుంది.

అపోహ: శీతాకాలపు పుచ్చకాయలో ఇంజెక్షన్‌తో రంగు, చక్కెర నీళ్లు ఎక్కిస్తారు, అందుకే దాని రుచి తేడాగా ఉంటుంది.

వాస్తవం: సూది గుచ్చిన పుచ్చకాయ లారీలో రెండు రోజులు నిలవదు, ఆ రంధ్రం దగ్గరే కుళ్లు మొదలవుతుంది. ఎండ తక్కువ, రాత్రులు చల్లన, కోతకు ముందు నీరు ఎక్కువ: తీపి తగ్గడానికి ఈ మూడు చాలు.

అపోహ: కాలం కాని కాలంలో మామిడి కాసిందంటే అంతా మందుల మహిమే.

వాస్తవం: పునాస మామిడి మన పెరళ్లలో మందు ఊసే లేనప్పటి నుంచి ఏడాదికి ఒకటికి మించి కాపు ఇస్తోంది. కన్యాకుమారి ప్రాంతంలో నీలం, బెంగుళూరా రకాల మామిడి చెట్లు అక్కడి వాతావరణం వల్ల ప్రధాన కాపు కాని నెలల్లోనూ కాస్తాయి. పాక్లోబ్యూట్రజాల్ అనే మందును పాదులో పోసి, చిగురును తగ్గించి, పూతను ముందుకు తెచ్చే పద్ధతి ఉన్నమాట నిజమే కానీ, అది పూత సమయాన్ని మారుస్తుంది తప్ప ఎండను తీసుకురాలేదు. మబ్బు నెలల్లో పెరిగిన కాయకు ఆకు ఇవ్వగలిగే చక్కెరే తక్కువ.

కొనేటప్పుడు రంగును నమ్మకండి. తొడిమ దగ్గర భుజాలు లేచాయో లేదో వేలితో తడిమి, అక్కడే ముక్కు ఆనించి చూడండి. మాగిన పండుకు వాసన రాకపోతే అది లేతగా కోసినదైనా అయి ఉండాలి, చలిలో నలిగినదైనా అయి ఉండాలి. దుకాణదారుడిని తోట ఎక్కడిదని అడగండి. ఊరి పేరు వెంటనే చెప్పగలిగినవాడి దగ్గర ముందు ఒక్క కాయ కొని, ఇంటికి వెళ్లి బకెట్టు నీళ్లలో వేసి చూసిన తరువాతే డజను తీసుకోండి.