తోక మీద జెండా చూసి మోసపోవద్దు: జాతీయ విమానయాన సంస్థలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: తోక మీద జాతీయ జెండా ఉంటే అది ఆ ప్రభుత్వ విమానమే.

వాస్తవం: రంగుకు, యాజమాన్యానికి సంబంధం లేదు. స్విస్ విమానం తోక మీద ఉండేది అచ్చంగా స్విట్జర్లాండ్ జెండాయే, కానీ కంపెనీ జర్మనీకి చెందిన లుఫ్తాన్సాది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 1987లోనే ప్రైవేటుపరమైంది. మన ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న టాటాల చేతికి వెళ్లింది. ఇప్పుడు అందులో 25.1 శాతం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌ది, ఆ సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో పెద్ద వాటా అక్కడి ప్రభుత్వ సంస్థ టెమాసెక్‌ది. మన సర్కారు బయటికి నడిస్తే, వేరే సర్కారు సొమ్ము దొడ్డిదారిన లోపలికొచ్చిందన్నమాట!

విమానం ఏ దేశానిదో తేల్చేది రిజిస్ట్రేషన్. 1944 చికాగో ఒప్పందం 17వ అధికరణం చెప్పేది ఇదే. ఒకేసారి రెండు దేశాల్లో రిజిస్టర్ చేస్తే చెల్లదని 18వది చెబుతుంది. ఈసారి విమానం ఎక్కేటప్పుడు వెనక భాగంలో చూడండి: భారత్‌లో రిజిస్టరైనదైతే మన దేశపు గుర్తు 'వీటీ', దాని తర్వాత మూడు అక్షరాలుంటాయి. విమానం పక్క భాగాన రాస్తే అక్షరాల ఎత్తు కనీసం 30 సెంటీమీటర్లు, రెక్క కింద రాస్తే 50 ఉండాలి. ప్రధాన ద్వారం దగ్గర మంటకు కాలని పలక మీద కూడా అవే అక్షరాలు చెక్కి ఉంటాయి. ప్రమాదంలో రంగంతా కాలిపోయినా అది ఏ విమానమో తెలియాలి కదా.

ఈ తేడా ఎంత దూరం పోతుందో రష్యాలో కనబడింది. ప్రభుత్వ సంస్థ ఏరోఫ్లోట్ విమానాల మీద రష్యా జెండా ఉండేది, కానీ లీజుకు తెచ్చిన బోయింగ్, ఎయిర్‌బస్‌లలో చాలావాటి రిజిస్ట్రేషన్ అట్లాంటిక్‌లోని బ్రిటిష్ దీవి బెర్ముడాది. లీజుకిచ్చిన కంపెనీలకు ఆ రిజిస్ట్రీ మీదే నమ్మకం. ఉక్రెయిన్ యుద్ధం, ఆంక్షల నేపథ్యంలో 2022 మార్చిలో బెర్ముడా వాటి ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్లను, అంటే ఎగరడానికి తగినవనే ధ్రువపత్రాలను, నిలిపేసింది. రష్యా వాటిని తన రిజిస్టర్‌లోకి ఎక్కించుకుంది గానీ, జప్తు భయంతో చాలా దేశాలకు పంపలేకపోయింది.

అపోహ: వీటీ అంటే 'వైస్రాయ్ టెరిటరీ'.

వాస్తవం: వాట్సాప్‌లో ఏటా తిరిగే కథ ఇది. దేశాలకు రేడియో కాల్ సైన్లు (రేడియోలో గుర్తుపట్టే అక్షరాలు) పంచినప్పుడు బ్రిటిష్ వలసలకు 'వీ'తో మొదలయ్యేవి దక్కాయి. ఆస్ట్రేలియాది వీహెచ్, 1997 దాకా హాంకాంగ్‌ది వీఆర్-హెచ్. వలసవాదపు గుర్తు అంటే ఒప్పుకోవచ్చు, వైస్రాయ్ మాత్రం అందులో లేడు.

అపోహ: ఎమిరేట్స్ యూఏఈ జాతీయ సంస్థ, కావాలంటే హైదరాబాద్‌కు ఎన్ని ఫ్లైట్లయినా వేసుకోగలదు.

వాస్తవం: ఎమిరేట్స్ దుబాయ్ ప్రభుత్వానిది. యూఏఈ జాతీయ సంస్థ హోదా అబుదాబికి చెందిన ఎతిహాద్‌ది. భారత్ కూడా దుబాయ్‌తో, అబుదాబితో విడివిడిగానే ఒప్పందాలు చేసుకుంది. దుబాయ్ వాటా వారానికి సుమారు 66 వేల సీట్లు. ఎమిరేట్స్, ఫ్లైదుబాయ్ రెండూ అందులోంచే పంచుకోవాలి. లెక్క సీట్లలో కాబట్టి, చిన్న విమానం తీసి పెద్దది పెట్టినా అదనపు సీట్లు కోటాలోంచే పోతాయి. కోటా నిండిందా, సెలవుల్లో టికెట్ ధర కొండెక్కుతుంది.

కొత్త రూటుకు వరస ఇదీ: ముందు రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం. తర్వాత సొంత ప్రభుత్వం తమ సంస్థ పేరును అవతలి దేశానికి పంపాలి. ఆ సంస్థ యాజమాన్యం, అదుపు నిజంగా ఆ దేశస్థుల చేతిలో ఉన్నాయో లేదో అవతలివాళ్లు చూసి అనుమతిస్తారు. చివరికి విమానాశ్రయంలో స్లాట్లు. చాలా ప్రయత్నాలు ఈ స్లాట్ల దగ్గరే చతికిలపడతాయి, ఎందుకంటే రద్దీ విమానాశ్రయంలో హక్కు కాగితం చేతిలో ఉన్నా దిగడానికి వేళ దొరకదు.

అపోహ: ప్రభుత్వ సంస్థ అంటే నష్టాలే.

వాస్తవం: అలిటాలియా 2021 అక్టోబరులో మూతపడింది, నిజమే. పూర్తిగా ప్రభుత్వానిదైన ఇథియోపియన్ మాత్రం ఆఫ్రికాలోకెల్లా పెద్దది. అడిస్ అబాబా హబ్, కార్గో, ఇతర సంస్థల విమానాలకు మరమ్మతులు, పైలట్ శిక్షణ, అన్నీ దానికి ఆదాయమే.

అపోహ: దేశం గుర్తు మోయడం సంస్థకు ఎప్పుడూ లాభమే.

వాస్తవం: తైవాన్ రూటును అడగండి. తైవాన్ తమదేనంటుంది చైనా, అక్కడికి వేరే దేశపు జాతీయ గుర్తుతో విమానాలు వెళ్లడం దానికి నచ్చదు. 1974లో చైనాతో ఒప్పందం కుదరగానే జపాన్ ఎయిర్‌లైన్స్‌కు తైవాన్ దారి మూసుకుపోయింది. మరుసటి ఏడాది జపాన్ ఏషియా ఎయిర్‌వేస్ అనే పిల్ల కంపెనీ పెట్టి, 2008 దాకా దాని పేరు మీదే నడిపారు. డచ్ సంస్థ కేఎల్ఎం 'కేఎల్ఎం ఏషియా' పేరుతో కొన్ని విమానాలకు వేరే రంగులు వేసింది. వాటి మీద నెదర్లాండ్స్ జెండా లేదు, కేఎల్ఎం కిరీటమూ లేదు.