పొరుగు పదాలు నేర్పే అర్థం

జీఆర్ఈకి చదువుతున్న ఒక విద్యార్థిని ఈమధ్య ఒక ప్రశ్న అడిగింది. కఠినమైన ఆంగ్ల పదాలను తెలుగు అర్థంతో జతచేసి వల్లె వేయడం మేలా, ఒక్కొక్క పదానికి నాలుగైదు ఉదాహరణ వాక్యాలు చదవడం మేలా? రెండవదే మేలని ఉపాధ్యాయులు చెబుతూనే ఉంటారు గాని, ఎందుకు మేలో మాత్రం చాలామంది చెప్పరు.

నిఘంటువులోని అర్థం ఒక్కటే తెలిస్తే ఏమవుతుందో జార్జ్ మిల్లర్, పెట్రీషియా గిల్డియా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987లో వివరించారు. వారు పిల్లలకు నిఘంటువు ఇచ్చి, కొత్త పదాలతో వాక్యాలు రాయమన్నారు. ‘ఎరోడ్’ అన్న క్రియకు తినివేయడం అనే భావంలో ‘ఈట్ అవుట్’ అన్న వివరణ ఉంది. వాడుకలో ఆ మాటకు హోటల్‌కు వెళ్లి తినడమని అర్థం కనుక, ‘మా కుటుంబం తరచూ ఎరోడ్ చేస్తుంది’ అన్న వాక్యం పుట్టింది. నదీతీరం, వాన, మట్టి అనే పొరుగు పదాలతో కూడిన రెండు వాక్యాలు ముందే చదివి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

పొరుగు పదాలకు ఎంత శక్తి ఉందో 1997లో థామస్ లాండవర్, సూజన్ డ్యూమే ప్రచురించిన పరిశోధన చెబుతుంది. దీన్ని ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గదు. వారు ఒక విజ్ఞానసర్వస్వంలోని 30,000కు పైగా వ్యాసాలను కంప్యూటర్‌కు ఇచ్చి, 60,000కు పైగా పదాలలో ఏది ఏ వ్యాసంలో ఎన్నిసార్లు వచ్చిందో ఒక పెద్ద పట్టికగా వేయించారు. వ్యాకరణం గాని, నిఘంటువు గాని, కనీసం పదాల వరుస గాని ఆ యంత్రానికి తెలియదు. తరువాత మాత్రికల గణితంతో ఆ పట్టికను సుమారు 300 పరిమాణాలకు కుదించారు. అంటే ఒక్కొక్క పదం 300 సంఖ్యలు గల ఒక సదిశగా, అంటే ఒక దిక్కును చూపే బాణంగా (వెక్టర్‌గా) మారింది. రెండు సదిశల మధ్య కోణం ఎంత తక్కువైతే ఆ రెండు పదాల అర్థాలు అంత దగ్గరివని లెక్క. ఆంగ్లం మాతృభాష కానివారికి పెట్టే టోఫెల్ పరీక్షలోని 80 పర్యాయపద ప్రశ్నలను ఈ పద్ధతిలో ఎదుర్కొన్న యంత్రానికి 64.4 శాతం మార్కులు వచ్చాయి. అదే పరీక్షలో విదేశీ విద్యార్థుల సగటు 64.5 శాతం.

కిటుకు అంతా కుదింపులోనే ఉంది. పట్టికను కుదించకుండా ఉంచితే మార్కులు బాగా పడిపోయాయి. మరీ తక్కువ పరిమాణాలకు కుదించినా పడిపోయాయి. ‘డాక్టర్’, ‘ఫిజీషియన్’ అనే పదాలు ఒకే వ్యాసంలో కలిసి రాకపోయినా, రెండింటి చుట్టూ రోగి, ఆసుపత్రి, చికిత్స అనే పదాలే తిరుగుతుంటాయి. చోటు తగ్గించినప్పుడు అవి రెండూ పక్కపక్కకు చేరక తప్పదు. ఒక పదాన్ని గురించి యంత్రం నేర్చుకున్న దానిలో దాదాపు ముప్పాతిక వంతు ఆ పదమే లేని వ్యాసాల నుంచి వచ్చిందని పరిశోధకులు లెక్కగట్టారు. కొత్త పదానికి ఇచ్చిన వాక్యంలోని మిగిలిన పదాలు మనకు బాగా తెలిసినవై ఉండాలన్న నియమం ఇందువల్లనే సమంజసమనిపిస్తుంది. ఆ పదాల వెంట మనం అంతకు ముందు చదివినదంతా కొత్త పదానికి అందుతుంది.

అయితే పదాల వరుస తెలియని యంత్రానికి పర్యాయపదాలు అందుతాయి గాని వాడుక అందదు. వాడుక కోసమే బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లేర్ బృందం వాస్తవ వాక్యాలను కంప్యూటర్‌లో సేకరించి, 1987లో కోబిల్డ్ నిఘంటువును వెలువరించింది. అందులో అర్థ వివరణలు కూడా పూర్తి వాక్యాలే. ‘సెట్ ఇన్’ అన్న క్రియకు కర్తలుగా ఎక్కువగా కుళ్లు, క్షీణత, నిరాశ వంటివే వస్తాయని సింక్లేర్ గమనించాడు. మన ‘దాపురించు’ కూడా ఇటువంటిదే. దరిద్రం దాపురిస్తుంది, రోగం దాపురిస్తుంది. అదృష్టం దాపురించిందని అంటే అది వెక్కిరింపే అవుతుంది. ఈ నియమాన్ని మనకు ఏ పంతులుగారూ చెప్పలేదు, మనం విన్న వాక్యాలే నేర్పాయి.

అన్ని వాక్యాలూ సమానమూ కావు. ‘అతడు గారులస్’ అన్న వాక్యంలో ఆ పదం స్థానంలో పొట్టి, కోపిష్టి, ధనవంతుడు అనే అర్థాల్లో ఏది పెట్టినా సరిపోతుంది కనుక అది ఏమీ నేర్పదు. ‘గారులస్ అయిన ఆ మంగలి క్షవరం ముగిసేదాకా నోరు మూయలేదు’ అన్న వాక్యం వాగుడుకాయను కళ్లకు కడుతుంది. దారి తప్పించే సందర్భాలు కూడా ఉంటాయని ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకోన్ తదితరులు 1983లోనే హెచ్చరించారు. కోచింగ్ సెంటర్లు పంచే జాబితాలలో మొదటి రకం వాక్యాలే ఎక్కువగా కనిపించడం విచారకరం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితేనే మాటలు నిలుస్తాయని, సరస్వతి ఆకు తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందని నమ్మేవారు, తాము చదివే వాక్యం ఎటువంటిదో ఒక్కసారైనా పరీక్షించరు.

జీఆర్ఈ కూడా 2011 ఆగస్టులో వ్యతిరేకపదాల ప్రశ్నలను తొలగించి, వాక్యంలోని ఖాళీలను పూరించే ప్రశ్నలకు పెద్దపీట వేసింది. కనుక ఆ విద్యార్థినికి నేనిచ్చిన సలహా ఇది: ఒకే పదానికి భిన్న సందర్భాల వాక్యాలు నాలుగు సేకరించి, వాటిని ఒకే పూట కాక వేర్వేరు రోజులలో, ఇతర పదాల వాక్యాలతో కలగలిపి, పదాన్ని వేలితో మూసి ఊహిస్తూ చదవాలి. అబేట్, అబేయన్స్, అబెరేషన్ వంటి ఒకే పోలిక గల పదాలను మాత్రం ఒకే రోజున ముట్టుకోకూడదు, అవి ఒకదాని అర్థాన్ని మరొకదానికి అంటగడతాయి.